సమస్య: గాయమయ్యెననుచు గంతువేసె

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది పద్యం, నాలుగో పాదం నేనిస్తున్నా, ముందు మూడూ మీరు పూరించండి. రాత్రి మొదటి ప్రపంచయుద్ధం గురించి చదువుతుంటే తట్టింది, క్లూ ఇవ్వను.
"గాయమయ్యెననుచు గంతువేసె"

గోదారి మాస్టారు:
బురద కందకాన పోరు సలుపువాడు
గుండు తగిలి కాలు కుంటుపడగ
బ్లైటి దొరికె నింక పల్లెకు పయనమే
గాయమయ్యెననుచు గంతువేసె

బ్లైటీ అంటే తెల్ల సోల్జర్లు ఇంగ్లండుకి పెట్టుకున్న ముద్దుపేరు, 1914-18 యుద్ధంలో బాగా పాకింది. చావకుండా, ఇంటికి పంపించేంత దెబ్బ తగిలితే దాన్నీ బ్లైటీ అనేవాళ్ళు, పక్కవాడు కుళ్ళుకునేవాడు. తనంతట తను కాల్చుకుంటే మాత్రం కోర్టు మార్షలే.

శేషు:
బావుంది మాస్టారూ, కానీ "పడగ" వెనకాలే "బ్లై" వచ్చి ఆ ఒత్తుకి ముందున్న గ గురువైపోయింది (బరువుగా పలుకుతుంది), ఉండాల్సిన సూర్యగణం కాస్తా సగణం అయి ఛందస్సు తప్పింది చూసుకోండి.

గోదారి మాస్టారు:
అవి రెండు విడి మాటలు, సమాసం కాదు నాయనా, గ మీద ఊనిక పడదు. పోయిన నెల నువ్వు ఖాకీని కాకి చేసి ఒత్తు మింగేస్తే నేనేమన్నా అన్నానా?

శేషు:
అన్నారు, పేజీడు కామెంట్ పెట్టారు. సరే, నాది, బ్లైటీ అన్న మాట పుట్టుక మీద:

అరబు నాట బుట్టి హైందవ నేలపై
దొరల నోట నలిగి తోకతెగెను
బాధ తెలియకుండ ఆ విలాయతి తల్చి
గాయమయ్యెననుచు గంతువేసె

అరబ్బీలో విలాయత్ అంటే ఏలుబడిలో ఉన్న ప్రాంతం, ఉర్దూలోకొచ్చి విలాయతీ అంటే పరదేశపు, అంటే దొరల దేశపు అని స్థిరపడింది, కొన్నిచోట్ల బిలాయతీ అనేవాళ్ళు, ఇక్కడ కొలువు చేసిన తెల్ల పటాలాలు దాన్నే బ్లైటీ చేసి పట్టుకుపోయాయి. మాస్టారు అర్థం చెప్పారు గానీ పుట్టుక వదిలేశారు.

లలిత:
శేషుగారూ, విలాయతిలో యతి ఉంది, మీ మూడో పాదంలోనే లేదు :) పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి కదా, బా కి ఆ ఎలా కుదిరిందండీ? పైగా గంతేసింది మాటా మనిషా? "బాధ మరచి భటుడు పరుగున సీమకై" అనండి (సీమంటే ఇక్కడ దొరల దేశం), రెండూ తీరిపోతాయి. ఇంకోటి, తెగింది తోక కాదు, బిలాయతీలో బి మీద గుడి.

గోదారి మాస్టారు:
అమ్మా లలితా, విలా-యతి విరుపు అదిరింది!! శేషూ, విన్నావా?

నిర్వాహకుడు:
1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు చూడండి, బిలాయతీ పానీ అంటే సోడా, బిలాయతీ బైంగన్ అంటే టమాటా. మన సీమచింత వరసే.

శేషు:
అయితే వచ్చే వారం టమాటా మీద సమస్య ఇవ్వండి, కందంలో.

గోదారి మాస్టారు:
ఇవ్వండి ఇవ్వండి. ఆటవెలదిలోనే యతి తప్పినవాడు కందంలో ప్రాస ఎలా నిలబెడతాడో చూద్దాం.