బిజినెస్ ట్రావెల్ సదస్సుల్లో కీనోట్ ఎవరికివ్వాలి? సెలబ్రిటీకా, ఎయిర్‌లైన్ సీఈఓకా, మన పని చేసే మనిషికా?

టికెట్_డెస్క్ (హైదరాబాద్)

పద్నాలుగేళ్లుగా ఒక ఐటీ కంపెనీలో ట్రావెల్ డెస్క్ చూస్తున్నాను. టికెట్లు, హోటళ్లు, వీసాలు, బీమా అన్నీ మా ఐదుగురి మీదే. ఈమధ్య ఒక పెద్ద సదస్సుకి వెళ్లొచ్చాను. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క సదస్సు గొడవ కాదు.

మొదటి రోజు పొద్దున తొమ్మిదికి కీనోట్, అంటే సదస్సులో అందరి కోసం పెట్టే ముఖ్య ప్రసంగం. మాట్లాడింది ఒక మాజీ క్రీడాకారుడు. ఓడిపోయి మళ్లీ ఎలా లేచాడో నలభై నిమిషాలు చెప్పాడు. బాగానే చెప్పాడు, కాదనను. సరిగ్గా అప్పుడే ఫ్రాంక్‌ఫర్ట్‌లో కనెక్షన్ మిస్సయిన మా ఇంజనీరు నుంచి మెసేజ్. షెంజెన్ వీసా లేదు కాబట్టి ఎయిర్‌పోర్టు దాటి హోటల్‌కి వెళ్లలేడు, తర్వాతి విమానం మర్నాడు. హాలు బయట తివాచీ మీద గోడకి ఆనుకుని కూర్చుని అతనికి ఇంకో దారిలో టికెట్ చేశాను. నా పక్కన మరో ముగ్గురు, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని ఇదే పని. లోపల చప్పట్లు మోగుతున్నాయి.

మధ్యాహ్నం ఒక ఎయిర్‌లైన్ పెద్ద. వేదిక మీద రెండు కుర్చీలు, నవ్వుతూ అడిగే యాంకర్. ప్రశ్నలు యాప్‌లో పెట్టమన్నారు. నేను పెట్టింది ఇదీ: మా టికెట్ల జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు సగం ఆలస్యంగా వస్తున్నాయి, జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీ పట్టికలో అవి కనిపించనిదే కట్టిన పన్నుకి మాకు క్రెడిట్ రాదు, దీనికి మీరేం చేస్తున్నారు? 2025 సెప్టెంబర్ 22 నుంచి బిజినెస్ క్లాస్ మీద పన్ను 12 నుంచి 18 శాతమైంది. ఒక్కో ఇన్‌వాయిస్ తప్పిపోతే వేలల్లో నష్టం. నా ప్రశ్న చదవలేదు. చదివిన మూడూ ‘భవిష్యత్తు ఎలా ఉండబోతోంది’ రకానివే.

నా మాట సూటిగా చెప్తాను. ఈ సదస్సుల్లో కీనోట్ ఈ పని చేసేవాళ్లకే ఇవ్వాలి. సెలబ్రిటీలు వద్దు, అమ్మేవాళ్లూ వద్దు. మీరేమంటారు?

బెజవాడబ్బాయి

అక్కా, నేను ఈవెంట్స్ నడిపేవాణ్ణి. మా వైపు సంగతి కూడా వినండి.

సదస్సుకి ఏడాది ముందే హోటల్‌తో గదుల ఒప్పందం చేసుకుంటాం. ఐదు వందల గదులు బ్లాక్ చేసి వాటిలో మూడొందలే నిండితే, మిగతావాటికి పెనాల్టీ మేమే కట్టాలి. రిజిస్ట్రేషన్లు మొదలైన మొదటి నెలలో జనం కదలాలంటే పోస్టర్ మీద పేరుండాలి. ‘పన్నెండేళ్ల అనుభవమున్న ట్రావెల్ మేనేజర్’ అని వేస్తే మీరొస్తారు. కానీ మీ టికెట్ డబ్బులు శాంక్షన్ చేసే మీ బాస్‌కి ఆ పేరు ఎక్కదు. పోస్టర్ మీద మాజీ అధ్యక్షుడో ఒలింపిక్ విజేతో ఉంటే సంతకం పెడతాడు.

ఆ పేర్లు ఊరికే రావు కూడా. సంతకం రోజున సగం ఫీజు, కార్యక్రమానికి ముందు మిగతా సగం, రానూపోనూ మంచి క్లాసులో టికెట్లు, రికార్డింగ్ చేయకూడదని షరతు. ఇన్నీ ఒప్పుకుని తెస్తున్నామంటే, అవి లేకపోతే హాలు నిండదు కాబట్టే.

పాత_ఏజెంట్

నాయనా, ఆ ఫీజుల సంగతి నాకూ కొంత తెలుసు. 2013 సెప్టెంబర్‌లో అమెరికా ట్రావెల్ ఏజెంట్ల సంఘం ఆస్టా మయామిలో పెట్టుకున్న సమావేశానికి హిల్లరీ క్లింటన్ కీనోట్ వక్త. తర్వాత క్లింటన్ వైపువాళ్లే బయటపెట్టిన ఆదాయ లెక్కల్లో ఆ ఒక్క ప్రసంగానికి రెండు లక్షల డాలర్లు దాటింది. కట్టింది ఎవరు? ఏజెంట్ల సంఘం. అక్కడి పెద్ద ఎయిర్‌లైన్స్ 2002లోనే మూల కమీషన్‌ని సున్నా చేసిన ఏజెంట్లు.

అబిడ్స్‌లో ముప్ఫై ఏళ్లు ఏజెన్సీ నడిపాను. మనకి ఒకప్పుడు 9 శాతం కమీషన్ ఉండేది, తగ్గుతూ తగ్గుతూ 2008లో సున్నాకొచ్చింది. అంతకు కొన్నాళ్ల ముందే ఒక సభలో ఒక ఎయిర్‌లైన్ పెద్దమనిషి మైకు పట్టుకుని ‘ఏజెంట్లు మా కుటుంబం’ అన్నాడు. ముందు వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. ఆ ఏడాది చివరికి మా ఆఫీసులో ఇద్దరు పిల్లల్ని మానిపించాల్సి వచ్చింది. కాబట్టి టికెట్_డెస్క్ అమ్మాయి బాధ నాకు అర్థమవుతుంది. సెలబ్రిటీ వల్ల పోయేది ఓ పూట కాలం. అమ్మేవాడు కీనోట్ ఇస్తే పోయేది నమ్మకం.

ఇర్వింగ్_నుంచి (టెక్సాస్)

డల్లాస్ చుట్టుపక్కల ట్రావెల్ టెక్నాలజీలో పనిచేసే తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం, టికెట్ రిజర్వేషన్ వ్యవస్థ నడిపే సేబర్ ప్రధాన కార్యాలయం ఈ పక్కన సౌత్‌లేక్‌లోనే. జీబీటీఏ అని ప్రపంచ బిజినెస్ ట్రావెల్ సంఘం ఉంది కదా, 1968లో మొదలైనది, దాని వార్షిక సదస్సు 2023లో డల్లాస్‌లోనే జరిగింది.

నేను అక్క మాటతో సగమే ఏకీభవిస్తాను. రంగం లోపలివాళ్లు చెప్తే నిజం, బయటివాళ్లు చెప్తే కబుర్లు అనుకోవడం పొరపాటు. ఎన్‌డీసీ సంగతే చూడండి. ఎయిర్‌లైన్స్ తమ ఛార్జీలని పాత రిజర్వేషన్ వ్యవస్థల పరిమితులు దాటి అమ్ముకోవడానికి ఎయిర్‌లైన్స్ అంతర్జాతీయ సంఘం ఐయాటా 2012లో మొదలుపెట్టిన ప్రమాణం అది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2023 ఏప్రిల్‌లో చాలా ఛార్జీలని పాత దారుల్లోంచి తీసేసింది. కార్పొరేట్ ఏజెన్సీలు అప్పుడే మొత్తుకున్నాయి. ఏడాది తిరిగేసరికి, 2024 మేలో, ఆ వ్యూహం నడిపిన ముఖ్య అధికారి వెళ్లిపోతున్నారని కంపెనీ ప్రకటించింది. జులైలో కంపెనీయే ఆ ఏడాది ఆదాయంలో దాదాపు 150 కోట్ల డాలర్ల దెబ్బ అని లెక్క చెప్పింది. లోపలివాళ్ల అంచనా కూడా ఇంతలా తప్పుతుంది.

బయటివాళ్లు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. 2020 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ డీల్‌బుక్ సదస్సులో బిల్ గేట్స్ బిజినెస్ ప్రయాణాల్లో సగానికి పైగా పోతాయన్నారు. జీబీటీఏ లెక్కల్లో 2019 ఖర్చు 1.43 లక్షల కోట్ల డాలర్లు, 2024కి అంచనా 1.48 లక్షల కోట్లు.

ఆడిట్_కన్ను

ఒక్క నిమిషం. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి గేట్స్ తప్పని తేల్చేయకండి. ఐదేళ్లలో టికెట్ ధరలు, గది అద్దెలు ఎంత పెరిగాయి? ధరల పెరుగుదల తీసేసి చూస్తే 2024లోనూ ఖర్చు 2019 కంటే తక్కువే. సగం పోలేదన్నది నిజం. ఏమీ పోలేదన్నది మాత్రం నిజం కాదు. మా కంపెనీలో రివ్యూ మీటింగుల కోసం వెళ్లే ఒక్కరోజు ప్రయాణాలు మళ్లీ పాత స్థాయికి రానేలేదు.

నేను ఫైనాన్స్ మనిషిని, అక్క రాసిన 2బీ తలనొప్పి నెలనెలా నా టేబుల్ మీదికే వస్తుంది. అయినా జీఎస్టీ ఇన్‌వాయిస్‌ల మీద కీనోట్ పెడితే ఎనిమిది వందల మంది కూర్చుంటారా? దానికి చిన్న గది, ఇద్దరు నిపుణులు, గంటన్నర సమయం కావాలి. కీనోట్ పని వేరు, ఆ పని వేరు.

టికెట్_డెస్క్ (హైదరాబాద్)

ఆడిట్_కన్ను గారూ, ఆ చిన్న గది సెషన్ ఉంది. సాయంత్రం ఐదున్నరకి పెట్టారు, బస్సులు డిన్నర్‌కి బయల్దేరే వేళకి. పదకొండు మందిమి కూర్చున్నాం. మాట్లాడినావిడకి మైకు పనిచేయలేదు, గొంతు పెంచుకునే చెప్పారు. అయినా నేను ఆ రెండు రోజుల్లో రాసుకున్న నోట్స్ అంతా ఆవిడ చెప్పిందే.

కీనోట్ పని వేరంటే ఒప్పుకుంటాను. ఆ పని ఏంటో మరి ఎవరైనా చెప్పండి. ఉత్సాహం కోసమైతే నాకు ఉత్సాహానికి కొరత లేదు. 2025 డిసెంబర్ మొదటి వారం గుర్తుందా? పైలట్ల డ్యూటీ గంటల కొత్త నిబంధనలకి సిబ్బంది చాలక దేశమంతా వేల విమానాలు రద్దయ్యాయి. మా డెస్క్‌లో నాలుగు రోజులు ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. పుణెలో ఇరుక్కున్న ఒక గర్భిణి ఉద్యోగిని బస్సులో పంపాలా వద్దా అని రాత్రి రెండింటికి ఆమె భర్తతో మాట్లాడాను. ఆ తర్వాత ఏ వేదిక మీదైనా నేను వినాలనుకున్నది ఒక్కరి మాటే. ఎయిర్‌లైన్‌లో క్రూ రోస్టర్, అంటే సిబ్బంది డ్యూటీల పట్టిక వేసే మనిషి. ఒక పైలట్ సెలవు పెడితే ఎన్ని విమానాలు కదులుతాయో, రద్దు సంగతి వాళ్లకి ఎన్ని గంటల ముందు తెలుస్తుందో, మాకు ఎప్పుడు చెప్తారో. ఆ మనిషి చెప్తే ఎనిమిది వందల మందీ కదలకుండా వింటారు, నాదీ పూచీ.

ఇర్వింగ్_నుంచి (టెక్సాస్)

అక్కా, మీరడిగింది కూడా ఒక రకంగా బయటి మనిషినే, గమనించారా? ట్రావెల్ మేనేజర్ కాదు, వక్తగా పేరున్నవాడూ కాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి యూరప్ మీద ఆరు రోజుల్లో లక్ష దాకా విమానాలు ఆగాయి. ఆ ఏడాది వేదిక మీద ఎవరుండాలి? అగ్నిపర్వతాల శాస్త్రవేత్త. విమానాలతో సంబంధం లేని మనిషే, కానీ ఆ హాల్లో అందరికీ కావలసిన మనిషి.

అసలు చిక్కు వేరే చోట ఉందనిపిస్తోంది నాకు. కీనోట్‌లు ఏడాది ముందే బుక్ చేస్తారు. 2024లో జీబీటీఏ సదస్సు జులై 22 నుంచి 24 వరకు అట్లాంటాలో. సరిగ్గా మూడు రోజుల ముందు, 19న, క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ అప్‌డేట్ దెబ్బకి ప్రపంచమంతా కంప్యూటర్లు ఆగిపోయాయి. అట్లాంటా అంటే డెల్టా సొంతూరు. ఆ ఎయిర్‌లైన్ ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసింది. సదస్సు జరుగుతున్న ఊళ్లోనే ఎయిర్‌పోర్టులో జనం నేల మీద పడుకున్నారు. ఏడాది ముందు బుక్ చేసిన ఏ ప్రసంగమూ ఆ రోజుకి సరిపోదు. అందుకని ఒక కీనోట్ గంట ఖాళీగా వదిలేయాలి. రెండు వారాల ముందు, అవసరమైతే రెండు రోజుల ముందు నిర్ణయించుకోవాలి.

బెజవాడబ్బాయి

ఖాళీ గంట అంటే స్పాన్సర్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి అన్నా? కానీ ఆలోచిస్తే కుదరని పనేం కాదు. మొదటి రోజు పేరున్న మనిషి, పోస్టర్ కోసం. రెండో రోజు గంట ఖాళీ. దాన్ని ఏ స్పాన్సర్‌కీ అమ్మకూడదు, అది మాత్రం ముందే రాసుకోవాలి. అమ్మితే మళ్లీ రెండు కుర్చీలూ నవ్వే యాంకరే.

పాత_ఏజెంట్

అమ్మకూడదన్నావు చూడు, నాకు కావలసింది అదే. ఆ గంటలో మైకు హాల్లో తిరగాలి. యాప్ వద్దు.

ఆడిట్_కన్ను

మైకు తిరిగితే ప్రశ్న పేరుతో ఉపన్యాసం ఇచ్చేవాళ్లే ఎక్కువ. ముందే రాయించుకుని, ఎక్కువమంది అడిగిన పదింటినీ వరసగా, ఏదీ వదలకుండా చదవడం మేలు. అడిగినవన్నీ తెర మీద కనబడితే చాలు, ఎవరూ దాచలేరు.

టికెట్_డెస్క్ (హైదరాబాద్)

ఇది బాగుంది. సెలబ్రిటీలు అసలే వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గదుల పెనాల్టీ సంగతి నాకు నిజంగా తెలియదు, బెజవాడ తమ్ముడూ. కానీ అమ్మేవాళ్ల విషయంలో నా మాట మార్చుకోను. వాళ్లు కూర్చోవాలంటే ప్రశ్నలన్నిటికీ ఒప్పుకునే కూర్చోవాలి.

నిర్వాహకుల ఫీడ్‌బ్యాక్ ఫారం ఇంకా తెరిచే ఉంది. ఇలా రాస్తున్నాను, చూసి చెప్పండి:

‘వచ్చే ఏడాది రెండో రోజు కీనోట్‌ని ముందుగా బుక్ చేయవద్దు, ఏ స్పాన్సర్‌కీ ఇవ్వవద్దు. సదస్సుకి రెండు వారాల ముందు సభ్యులని అడిగి వక్తని నిర్ణయించండి. వీలైతే సభ్యులు పంపిన ప్రశ్నలన్నీ తెర మీద చూపించండి. పన్నుల సెషన్‌ని సాయంత్రం ఐదున్నర నుంచి పొద్దున పదకొండుకి మార్చండి, మైకు సరిచూసి ఇవ్వండి.’

పాత_ఏజెంట్

మూడో వాక్యంలో ‘వీలైతే’ తీసెయ్యమ్మా.

టికెట్_డెస్క్ (హైదరాబాద్)

తీసేశానండీ. పంపించాను.