ఎనిగ్మా ప్లగ్‌బోర్డు మారినా గొలుసుల పొడవు ఎందుకు మారదు?

వారం రోజులుగా ఒక్క దగ్గరే ఇరుక్కుపోయాను, గణితం తెలిసినవాళ్లు కాస్త బయటపడేయండి.

1932 చివర్లో పోలండ్ గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ జర్మన్ సైన్యం రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా యంత్రం లోపలి వైరింగ్‌ను కాగితం మీదే రాబట్టాడు. ఫ్రెంచి గూఢచారుల ద్వారా వచ్చిన పత్రాలు సాయపడ్డాయి, కాదనను. అయినా మతిపోయే పని!

అప్పట్లో ఆపరేటర్లు మూడక్షరాల మెసేజ్ కీని (రోటర్లను, అంటే లోపల తిరిగే చక్రాలను, ఆ సందేశానికి ఎక్కడ పెట్టాలో చెప్పేది) రెండుసార్లు టైప్ చేసి, వచ్చిన ఆరక్షరాలను సందేశం మొదట్లో పంపేవారు. అంటే 1వ, 4వ స్థానాల వెనక ఉన్నది ఒకే అక్షరం. ఒక రోజు సందేశాలన్నీ కలిపి చూస్తే 1వ స్థానంలోని అక్షరం నుంచి 4వ స్థానంలోని దానికి, అలా ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తూ చివరికి మొదటిదానికే చేరే గొలుసులు దొరుకుతాయి. ఇంతవరకు ఓకే.

ప్లగ్‌బోర్డులో (వైర్లతో అక్షరాలను జతలుగా తారుమారు చేసే పలక) ఏ జతలు మార్చినా గొలుసుల్లో అక్షరాలు మారతాయి గానీ పొడవులు మారవట. అందుకే 1,05,456 రోటర్ స్థితులకు గొలుసు పొడవుల కేటలాగ్ తయారుచేస్తే సరిపోయిందట. నాకు మింగుడుపడనిది ఇదే.

ఆరక్షరాలతో చిన్న బొమ్మ ఎనిగ్మా గీసి చూశాను. ఒకసారి పొడవులు అలాగే ఉన్నాయి, ఇంకోసారి మారిపోయాయి. కరెంటు వెళ్లేటప్పుడే ప్లగ్‌బోర్డు లెక్కేసి, తిరిగొచ్చేటప్పుడు మర్చిపోయానేమోనని అనుమానం. తప్పు అక్కడేనా? ఫార్ములాతో కాకుండా చిన్న ఉదాహరణతో చెప్పగలరా? ఒకే పొడవు గొలుసులు ఎప్పుడూ జంటగానే ఎందుకొస్తాయో కూడా చెబితే ఇంకా సంతోషం.