పంచాయతీ ఖాతాలో డబ్బుంది, రోడ్డు వేయొద్దంటున్నారు. ఎందుకు?

కొత్త సర్పంచ్:
అందరికీ నమస్కారం. తెలంగాణలో 2025 డిసెంబరు ఎన్నికల్లో మొదటిసారి గెలిచాను. మా పంచాయతీకి పదిహేనో ఆర్థిక సంఘం (కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే సంఘం) కింద 10 లక్షలు వచ్చాయి. బడికి వెళ్లే దారి మట్టిది. వాన పడితే పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. దానికి సీసీ (సిమెంటు కాంక్రీటు) వేద్దామంటే కార్యదర్శి "ఇందులో ఎక్కువ భాగం టైడ్ మేడం, రోడ్డుకు రాదు" అంటున్నారు. ఊరి పేరు మీద వచ్చిన డబ్బు ఊరి రోడ్డుకు ఎందుకు రాదు? జనం రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
అమ్మా, మీ కార్యదర్శి చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చే గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే పని ముందే కట్టేసి ఇచ్చిన డబ్బు. అందులో సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు. మిగతా సగం పారిశుధ్యానికి. తక్కిన 40 శాతం అన్‌టైడ్, ఊరి అవసరం చూసి మీరు నిర్ణయించుకోవచ్చు, జీతాలకు, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు తప్ప. మీ లెక్కలో నీళ్లకు 3 లక్షలు, పారిశుధ్యానికి 3 లక్షలు, చేతిలో 4 లక్షలు. రోడ్డు ఆ 4 లక్షల్లోంచే రావాలి.

ఇది ఢిల్లీ వాళ్ల పెత్తనమని చాలామంది తిడతారు. నాకూ కొంత కోపం ఉంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలు చూసుకోవాల్సిన 29 అంశాలు రాసిపెట్టింది, వాటితో పాటు డబ్బు మాత్రం నేరుగా రాలేదు. ఎంత ఇవ్వాలో చెప్పడానికి ప్రతి ఐదేళ్లకు రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలని 243-ఐ అధికరణం చెబుతుంది. చాలా రాష్ట్రాలు దాన్ని సరిగ్గా పట్టించుకోలేదు. అందుకే 2024 మార్చి తర్వాత ఆ సంఘం వేయని రాష్ట్రానికి గ్రాంటు లేదని పదిహేనో సంఘం తేల్చి చెప్పింది. ఆ షరతు మంచిదే అంటాను. ఎన్నికైన పాలకవర్గం ఉండాలి, లెక్కలు, ఆడిట్ ఆన్‌లైన్‌లో పెట్టాలి అన్నవీ ఆ కోవలోవే. 2024 ఫిబ్రవరి నుంచి మన పంచాయతీల్లో సర్పంచుల బదులు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది కదా, ఆ కాలానికి ఇబ్బంది వచ్చింది ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు వల్లే.

రెండు పనులు వెంటనే చేయండి. రోడ్డు పని మీ జీపీడీపీలో, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉందో లేదో చూడండి. లేకపోతే గ్రామసభ పెట్టి చేర్పించి, పంచాయతీల ప్లాన్లు, చెల్లింపులు నడిచే ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించాలి. ప్లాన్‌లో లేని పనికి అక్కడ బిల్లు కదలదు. ఇంకొకటి, ఊళ్లో పారిశుధ్యం అవసరాలు పూర్తిగా తీరిపోయి ఉంటే ఆ వాటాను నీళ్లకు వాడుకోవచ్చు, అటుది ఇటూ చేయవచ్చు. దానికి గ్రామసభ ధ్రువీకరణ, పై అధికారి అంగీకారం కావాలి. రోడ్డుకు మాత్రం మళ్లించలేరు.

పక్క మండలం సర్పంచ్:
అక్కా, ఒక మాట. మీ డిజిటల్ కీ (ఆన్‌లైన్ సంతకం) రిజిస్టర్ అయిందా? మాకు ప్లాన్ అంతా అయ్యాక అదొక్కటే మిగిలింది, నెల పోయింది. బిల్లు పెట్టే మేకర్, దాన్ని ఆమోదించే చెకర్ ఇద్దరి కీలూ పనిచేస్తేనే చెల్లింపు వెళ్తుంది. ముందు అది చూసుకోండి.

కొత్త సర్పంచ్:
థ్యాంక్స్ తమ్ముడూ, రేపే అడుగుతాను. సార్, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు రోడ్డుకు 7 లక్షల అంచనా ఇచ్చారు. 4 పోతే మిగతా 3 ఎక్కడ తేవాలి? ఇంకో సంగతి, మాకంటే చిన్న ఊరికి దాదాపు మా అంతే వచ్చిందట. ఇదేం లెక్క?

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
ఈ పదిహేనో సంఘం డబ్బు పంపకం ప్రధానంగా 2011 జనాభా లెక్కల మీద నడిచిందమ్మా. ఆ తర్వాత మీ ఊరు పెరిగి ఉంటే ఆ పెరుగుదల కాగితం మీద లేదు. రాష్ట్రం ఆలస్యం చేసిందేమో కూడా చూడండి. కేంద్రం నుంచి డబ్బు అందిన 10 పనిదినాల్లో పంచాయతీలకు పంపాలి, దాటితే వడ్డీతో ఇవ్వాలి. విడుదల ఉత్తర్వు మీద తేదీ ఉంటుంది, అది తీసి దగ్గర పెట్టుకోండి.

ఇక ఆ 3 లక్షలు. సొంత రాబడి చూడండి. రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో వేసిన లెక్క ప్రకారం దేశంలో పంచాయతీల ఆదాయంలో సొంత పన్నులది 1 శాతం చిల్లర. మిగతాదంతా దాదాపు గ్రాంటులే. అందుకే మన చేయి ఎప్పుడూ కిందే ఉంటోంది.

మీ ఊరి ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు, అంటే ఏ ఇంటికి ఎంత పన్నో రాసే పుస్తకం తెప్పించుకుని ఒక పూట కూర్చోండి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక పేజీ ఇప్పటికీ గుర్తుంది. అసెస్‌మెంట్ నంబరు ఎదురుగా "పెంకుటిల్లు, రెండు గదులు" అని రాసుంది. వెళ్లి చూస్తే రెండంతస్తుల స్లాబు, కింద మూడు షట్టర్లు అద్దెకిచ్చారు. పన్ను మాత్రం పాత పెంకుటింటిదే. అలాంటివి ఆ రిజిస్టరులో 40కి పైగా దొరికాయి. అదే వీధిలో ఒంటరి ముసలమ్మ, కూలిపోయిన ఇంటికి ఏటా కడుతూనే ఉంది. నాకు ఎక్కువ బాధ వేసింది అదే. రెండూ సరిచేశాం. ముందు గ్రామసభలో పేర్లతో సహా చదివాం, అందుకే గొడవ కాలేదు.

రిజిస్ట్రేషన్లపై వచ్చే స్టాంపు డ్యూటీ వాటా ఎంత జమైందో కూడా కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి.

కొత్త సర్పంచ్:
సార్, ఇళ్ల కొలతలు మళ్లీ తీస్తే ఓట్లేసిన వాళ్లే తిట్టరా?

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
కొందరు తిడతారమ్మా. మొదటి కొలత మీ ఇంటిదే తీయించండి, వార్డు సభ్యులవి తర్వాత. 2026 ఏప్రిల్ నుంచి పదహారో ఆర్థిక సంఘం కాలం, దాని షరతులు ఆ ఉత్తర్వు చూసి చదువుకుందాం. ఈలోగా ఆ 4 లక్షలతో బడి గేటు నుంచి మొదలుపెట్టి ఎంతవరకు వస్తే అంతవరకు మొదటి విడత రోడ్డు వేయించండి. మిగతాది రెండో విడతగా జీపీడీపీలో ఇప్పుడే రాయించండి.