మొదటిసారి వినేటప్పుడు షఫుల్ ఆపాలా? 'బీ ద కౌబాయ్' విషయంలో తేల్చండి

తొలిశ్రోత
గాయని మిట్స్కీ 2018 ఆల్బమ్ 'బీ ద కౌబాయ్' మొదటిసారి వినబోతున్నాను. 14 పాటలు, మొత్తం 32 నిమిషాల పైచిలుకు. ఒకరేమో వరస తప్పితే విననట్టే అంటున్నారు, ఇంకొకరు ఇండీ పాప్‌కి అంత పట్టింపు అక్కర్లేదు, షఫుల్ వేసుకోమంటున్నారు. వినేది స్పాటిఫైలో, వైర్ ఇయర్‌ఫోన్స్‌తో. ఏ సెట్టింగ్ మార్చాలి, ఎందుకు మార్చాలి?

పదకొండోపాట
వరసగానే వినండి. సెంటిమెంటుతో చెప్పడం లేదు, షఫుల్‌లో సౌండే మారిపోతుంది.

స్పాటిఫై అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయిలో వినిపించడానికి -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే కొలమానం) దగ్గరికి తెస్తుంది. ఆల్బమ్‌ను వరసగా వేస్తే మొత్తం ఆల్బమ్‌కు ఒకే గెయిన్ (శబ్దాన్ని పెంచే, తగ్గించే మోతాదు) ఇస్తుంది, పాటల మధ్య హెచ్చుతగ్గులు చెక్కుచెదరవు. షఫుల్ వేసినా, ప్లేలిస్ట్‌లో పెట్టినా ఏ పాటకు ఆ పాటను విడిగా సరిచేస్తుంది. ఈ ఆల్బమ్‌లో 11వ పాట 'ఎ హార్స్ నేమ్డ్ కోల్డ్ ఎయిర్' పియానో, గొంతు మాత్రమే అన్నంత పలచగా ఉంటుంది. దాని వెనకే 12వ పాట 'వాషింగ్ మెషీన్ హార్ట్' దబదబమనే బీట్‌తో మొదలవుతుంది. ఆ దెబ్బ తగలాలంటే ముందు పాట నిజంగా చిన్నగా ఉండాలి.

ఇక సెట్టింగ్స్. ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను 0 చేయండి. 5 సెకన్లు పెడితే పాట చివర రివర్బ్ (ప్రతిధ్వని) తోక మీద తర్వాతి పాట ఎక్కి కూర్చుంటుంది. ఆటోప్లే ఆఫ్ చేయండి, లేకపోతే ఆఖరి పాట ముగిసీ ముగియకముందే ఇంకెవరి పాటో అందుకుంటుంది. వాల్యూమ్ లెవెల్ 'నార్మల్'లో ఉంచండి. 'లౌడ్' పెడితే లక్ష్యం -11 అవుతుంది, అక్కడికి లాగడానికి శబ్దం హద్దు దాటకుండా నొక్కే లిమిటర్ దిగుతుంది, నెమ్మది పాటల శిఖరాలు నలుగుతాయి.

మోనో
+1. క్రాస్‌ఫేడ్ ఒక్కటి ఆపినా సగం పని అయిపోయినట్టే.

పల్లవిచరణం
కొత్తగా వినేవాళ్లకు మొదటి జవాబే ఎల్‌యూఎఫ్‌ఎస్సా? ఈ ఆల్బమ్‌లో 3 నిమిషాలు దాటేవి రెండే రెండు పాటలు, 'నోబడీ', 'టూ స్లో డాన్సర్స్'. మిగతావన్నీ రెండు నిమిషాలకు అటూ ఇటూ. ఇంత చిన్న పాటల్లో జరగాల్సినదంతా పాట లోపలే జరుగుతుంది. మొదటి పాట 'గీజర్'కి పల్లవి అనేదే లేదు, వెనక్కి తిరక్కుండా పైకి ఎక్కుతూనే పోతుంది. 'నోబడీ' చూడండి, డిస్కో బీట్ మీద ఒకే మాటను పదేపదే అంటుంది, చివర్లో శ్రుతి పైకి జరిపి మళ్లీ అదే మాట. ఇది వరసలో 9వదైనా 2వదైనా పాటకు ఒరిగేదీ తరిగేదీ లేదు.

మాటలు దగ్గర పెట్టుకుని వినండి. ఏ పాట నుంచైనా మొదలుపెట్టండి.

పదకొండోపాట
పాట లోపలి సంగతి ఎవరూ కాదనలేదు. ఒక లెక్క చెప్తాను, ఆల్బమ్ అసలు అంకెలు కావు, ఉదాహరణకే. నెమ్మది పాట -20, జోరు పాట -9, ఆల్బమ్ మొత్తం -11 అనుకోండి. వరసగా వింటే రెండింటికీ 3 డీబీ (డెసిబెల్) తగ్గుతుంది: -23, -12. తేడా 11 డీబీ. షఫుల్‌లో జోరు పాట 5 తగ్గి -14కి వస్తుంది, నెమ్మది పాట 6 పెరిగి అదీ -14కి వస్తుంది. తేడా సున్నా. గుసగుస, కేక ఒకే ఎత్తులో వినిపిస్తాయి.

పల్లవిచరణం
లెక్క తప్పు. గెయిన్ పెంచేటప్పుడు శిఖరానికి పైన 1 డీబీ ఖాళీ ఉంచుతుంది. మీ నెమ్మది పాట శిఖరం -5 దగ్గర ఉంటే 4 కంటే పెరగదు, -16 దగ్గర ఆగిపోతుంది. తేడా సున్నా కాదు, 2 డీబీ.

పదకొండోపాట
11 కాస్తా 2 అవుతుందని మీరే చెప్తున్నారు. నా మాటకూ దానికీ తేడా ఏముంది?

పల్లవిచరణం
ఉంది. పాటల స్థాయిని సరిచేసే ఈ నార్మలైజేషన్ స్విచ్ మొత్తంగా ఆపేసి షఫుల్ వేస్తే మీ 11 డీబీ ఎక్కడికీ పోదు, మాస్టర్‌లో (విడుదలకు సిద్ధం చేసిన ఆఖరి రికార్డింగులో) ఉన్నది ఉన్నట్టే వస్తుంది. అంటే మీరు వాదిస్తున్నది షఫుల్ గురించి కాదు, ఒక స్విచ్ గురించి. దానికి వరస అని పేరు పెట్టి కొత్తవాళ్లను బెదరగొడుతున్నారు.

సైడ్‌బి
వరస మహత్యం గురించి ఇంకో కోణం. ఎల్‌పీ (ప్లాస్టిక్ రికార్డు) రోజుల్లో పాటల క్రమాన్ని సగం ప్లాస్టిక్కే నిర్ణయించేది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల రికార్డు అంచున గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెం.మీ. వేగంతో సాగుతుంది, లోపలి చివరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అక్కడ 'స', 'ష' శబ్దాలు గరగరలాడతాయి. అందుకే జోరు పాటలు సైడ్ మొదట్లో, నెమ్మదివి చివర్లో పెట్టడం అలవాటైంది. ఇప్పటికీ చాలామంది అదే క్రమం పాటిస్తారు. కళ అనుకునేదాంట్లో కొంత గాడి సైజు.

పదకొండోపాట
సైడ్‌బి గారూ, 32 నిమిషాల ఆల్బమ్ అంటే సైడ్‌కి 16. 20, 22 నిమిషాలు కుక్కినప్పుడు వచ్చే ఇబ్బంది ఇక్కడ చాలా తక్కువ. కాబట్టి ఈ వరసను గాడి ఖాతాలో వేయలేం.

పల్లవిచరణం గారూ, స్విచ్ ఆపినా ఒకటి మిగులుతుంది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దాన్ని మాస్టరింగ్‌లో చెవితో విని పెడతారు. ఒకచోట అర సెకను, ఒకచోట మూడు. ఆ నిశ్శబ్దం సాధారణంగా ముందు పాట ఫైలు చివర్లో ఉంటుంది. షఫుల్ వేస్తే ఒక పాట కోసం కొలిచిన విరామం ఇంకో పాట ముందుకు వచ్చి పడుతుంది. పాట వెంట పాట ఊపిరి తీసుకోకుండా రావాల్సిన చోట ఖాళీ వస్తుంది, ఆగాల్సిన చోట తోసుకొస్తుంది. 2021 నవంబరులో గాయని అడెల్ ఆల్బమ్ '30' విడుదలైనప్పుడు ఆమె కోరిక మీదే స్పాటిఫై ప్రీమియం వాళ్లకు ఆల్బమ్ పేజీలోని ప్లే బటన్ మీద నుంచి షఫుల్‌ను తీసేసింది. పాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

పల్లవిచరణం
అడెల్ అడిగింది కాబట్టి అందరూ మిట్స్కీని వరసగా వినాలా?

ప్రతి చర్చలోనూ ఇదే తంతు. ఎవరైనా పాట మాటల గురించి ఎత్తగానే 'ఫీలింగ్స్ బ్యాచ్' అని పక్కకు నెట్టి డీబీల్లోకి వెళ్లిపోతారు. రాసి, పాడే మనిషి ఆల్బమ్ ఇది. ఆ ఒంటరితనం ఆమెది. ఆ గొంతులో వినిపించే బాధ నిజం. ఆమె జీవితంలో అప్పుడు ఏం జరుగుతోందో కాస్త తెలుసుకుని, మాటలు చదువుకుంటూ వింటే గుండెకు తగులుతుంది. ఇంటర్వ్యూలు నాలుగు చదివి వినండి, అప్పుడు ఏ వరసలో విన్నా ఒకటే.

గొంతుదగ్గర
ఇప్పటిదాకా ఊరుకున్నాను. 'ఆ ఒంటరితనం ఆమెది' అన్న మాట దగ్గర ఆగాలి.

ఇంటర్వ్యూలు చదవమన్నారు కదా. ఆ ఆల్బమ్ సమయంలో ఆమె చెప్పినదే ఇది: చీకటి గదిలో ఒక్క స్పాట్‌లైట్ కింద ఒంటరిగా పాడే మనిషి రూపం కావాలనుకుంది, అందుకోసం చాలా పాటల్లో గొంతును రెండుసార్లు రికార్డు చేసి కలపడం, హార్మొనీలు పేర్చడం కావాలనే మానేసింది. నిర్మాత ప్యాట్రిక్ హైలండ్‌తో కలిసి తీసుకున్న నిర్ణయం అది. కల్పిత పాత్రలతో ప్రయోగం చేశానని కూడా చెప్పింది. మీకు వినిపిస్తున్న ఒంటరితనాన్ని ఇటుక ఇటుక పేర్చి కట్టారు.

తొలిశ్రోత గారూ, దీన్ని మీరే చెవితో పట్టుకోవచ్చు. ఇండీ పాప్‌లో మామూలుగా గాయని ఒకే వరుసను రెండుసార్లు పాడుతుంది, రెండు టేకులనూ ఒకదానిమీద ఒకటి వేస్తారు, లేదా చెరో చెవి వైపు జరుపుతారు. అలాంటి పాటలో ట, క, ప లాంటి గట్టి అక్షరాలను గమనించండి: రెండు టేకులు ఎంత జాగ్రత్తగా పాడినా కొన్ని మిల్లీసెకన్లు తేడా పడతాయి, అక్షరం అంచు కాస్త మసకగా, రెండుగా వినిపిస్తుంది. గొంతు వెడల్పుగా, మెత్తగా అవుతుంది, చిన్న అపశ్రుతులు దాక్కుంటాయి. ఈ ఆల్బమ్‌లో ఎక్కువ చోట్ల గొంతు తల మధ్యలో ఒక చుక్కలా నిలబడుతుంది. అక్షరం అంచు పదును, దాక్కోవడానికి చోటు లేదు.

ఆ సాన్నిహిత్యం కూడా పనితనమే. కార్డియాయిడ్ మైక్‌కు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) నాలుగైదు వేళ్ల దూరంలో పాడితే కింది ఫ్రీక్వెన్సీలు ఉబ్బి గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వస్తుంది. ఆ మీద కంప్రెసర్ (హెచ్చుతగ్గులను తగ్గించే పరికరం) గట్టి అక్షరాలను 6, 8 డీబీ నొక్కి మొత్తాన్ని అంతే పైకి లేపితే, మాటల మధ్య ఊపిరి కూడా అదే మోతాదులో పైకి వస్తుంది. ఊపిరి వినిపించిన ప్రతిసారీ 'నిజమైన బాధ' అనుకుంటే ఆ పని చేసిన మనిషి కనబడకుండా పోతుంది.

మగవాడి ఆల్బమ్ గురించి అడిగితే గిటార్ టోన్, డ్రమ్స్ ఎలా తీశారు అని మొదలవుతుంది. ఆడమనిషి ఆల్బమ్ అనగానే ఎవరి గురించి రాసింది, ఏం జరిగింది. ఈ వేదికలో ప్రతిసారీ ఇంతే.

మోనో
ఇది అసలు గొడవ. షఫుల్ కాదు.

పల్లవిచరణం
పాటలు ఆమె డైరీ అని నేను అనలేదు, నా నోట ఆ మాట పెట్టకండి. కానీ మీరు ఇంకో చివరికి పోతున్నారు. హార్మొనీ తీసేస్తే చాలు ఒంటరితనం వచ్చేస్తుందా? అదే మైక్, అదే కంప్రెసర్, అదే దూరం ఇంకో పాటకు పెట్టండి, ఏమీ రాదు. 'టూ స్లో డాన్సర్స్'లో ఒక బడి జిమ్ వాసనతో మొదలుపెట్టి వయసు మీద పడటం దాకా తీసుకెళ్తుంది, పెద్ద మాట ఒక్కటీ వాడకుండా. ఆ ఎంపిక పెన్నుది, మిక్సింగ్ బల్ల మీది ఫేడర్‌ది కాదు. మాటలు చదవమన్నది అందుకే. రాయడం కూడా చేతి పనే, దాన్ని మీ లెక్కలో ఎందుకు చేర్చరు?

గొంతుదగ్గర
చేరుస్తాను. మాటల్ని ఆమె రాసిన మాటలుగా చదవమనండి, అభ్యంతరం లేదు. 'ఆమె జీవితంలో అప్పుడు ఏం జరుగుతోందో' అన్న వాక్యాన్ని మాత్రం ఒప్పుకోను. పాట అర్థం కావడానికి పాడేమనిషి సొంత గొడవలు తెలియాలన్న షరతు రాయగలిగిన ఏ మనిషికైనా అవమానం.

పల్లవిచరణం
సందర్భం తెలిస్తే పాట లోతుగా దిగుతుందని ఇప్పటికీ అంటాను. పాట మనిషిలోంచి రాకుండా గాల్లోంచి రాదు.

సైడ్‌బి
ఇద్దరూ ఒకటే ఆల్బమ్ వింటున్నారా అని అనుమానంగా ఉంది. తొలిశ్రోతకు ఒక మాట: ఇయర్‌ఫోన్స్‌లో 'స', 'ష' గుచ్చుకుంటుంటే ఈక్వలైజర్‌లో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య 2, 3 డీబీ తగ్గించండి, అంతకు మించొద్దు. ఎక్కువ తగ్గిస్తే గొంతుదగ్గర గారు చెప్పిన అక్షరం పదునే పోతుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినొద్దు, బేస్ గిటార్ దాదాపు మాయమవుతుంది.

తొలిశ్రోత
క్రాస్‌ఫేడ్ 0, ఆటోప్లే ఆఫ్, లెవెల్ నార్మల్ చేశాను. వాల్యూమ్ ఏ పాట దగ్గర సెట్ చేసుకోవాలి? లిరిక్స్ తెర తెరవాలా వద్దా?

పదకొండోపాట
జోరు పాట దగ్గర హాయిగా అనిపించే చోట పెట్టి, మళ్లీ ముట్టుకోకండి. నెమ్మది పాటలో సెట్ చేస్తే తర్వాతి పాటకు చెవులు అదురుతాయి, వెంటనే తగ్గిస్తారు, అక్కడితో ఆ హెచ్చుతగ్గులన్నీ పోతాయి. మరీ చిన్నగానూ వద్దు. స్థాయి తగ్గేకొద్దీ చెవికి బేస్ మిగతా వాటికంటే ముందు తగ్గిపోతుంది, మిక్స్ పలచబడినట్టు ఉంటుంది.

గొంతుదగ్గర
మొదటిసారి తెర మూసి. కదిలే అక్షరాలు చూస్తుంటే మాట రాకముందే కన్ను చదివేస్తుంది, పాడేమనిషి ఆ మాటను ఎంత ఆలస్యంగా వదిలిందో చెవికి అందదు.

పల్లవిచరణం
మొదటిసారే తెరవండి. ఏం పాడుతోందో తెలియకుండా ఎంత ఆలస్యంగా పాడిందో తెలిసి ఏం లాభం? యాప్‌లో కదిలే తెర ఇబ్బందైతే మాటలు విడిగా పేజీలో పెట్టుకోండి. రెండోసారి షఫుల్ వేయండి, అప్పుడు ఏ పాట తన కాళ్ల మీద తను నిలబడుతుందో తేలుతుంది.

పదకొండోపాట
రెండోసారీ వద్దు. వేస్తే కనీసం నార్మలైజేషన్ ఆపి వేయండి.