అప్‌డేట్: గడ్డకట్టే చలిలో రాత్రిపూట ఆగిపోయే ట్రాప్ కెమెరా (పరిష్కారం దొరికింది)

రష్యా తూర్పు కొసన సిఖోటె-అలిన్ కొండల్లో ఆముర్ పులుల కోసం మేం కట్టిన ట్రాప్ కెమెరాలు (జంతువు ముందుకొస్తే వాటంతటవే ఫొటో తీసేవి) పగలు బాగానే పనిచేస్తూ, రాత్రయితే నల్లటి ఫొటోలిచ్చి ఆగిపోతున్నాయని చలికాలం మొదట్లో అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ఆల్కలైన్ బ్యాటరీలు తీసేసి లిథియంవి వేయండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. ఆల్కలైన్ సెల్‌లో ఉండేది నీటి ద్రావణం. మైనస్ 20 డిగ్రీలు దాటితే అది డీలా పడిపోతుంది. పగటి ఫొటోకి ఎలాగో సరిపోతుంది కానీ, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు (చీకట్లో ఫొటో కోసం కంటికి కనబడని వెలుగిచ్చేవి) ఒక్కసారిగా కరెంటు లాగేసరికి చేతులెత్తేస్తుంది. 1.5 వోల్టుల లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది! పైగా వీటి వోల్టేజ్ దాదాపు చివరిదాకా తగ్గదు, అందుకే స్క్రీన్ మీద బ్యాటరీ ఫుల్ అని చూపిస్తూనే హఠాత్తుగా ఆగిపోతాయి. ఆ గుర్తును నమ్మొద్దు.

రిపేర్ షాపులో విప్పి చూస్తే సెన్సర్ బాగానే ఉంది. మెమరీ కార్డు, ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చినా తేడా రాలేదు.

ఎదురెదురుగా రెండు కెమెరాలు పెట్టమన్న సలహా కూడా పనికొచ్చింది. పులికి కుడి, ఎడమ పక్కల చారలు ఒకేలా ఉండవు, రెండు వైపులా ఫొటో ఉంటే ఏ పులో కచ్చితంగా తేలుతుంది. ఇప్పుడు ఒక మగపులి రెండు వైపులా స్పష్టంగా పడింది. చోటు ఎక్కడని మాత్రం అడగకండి, దొంగవేటగాళ్ల భయం ఉంది.