శ్రీసిటీ ఫ్యాక్టరీలకు ఇచ్చే రాయితీలు: పెట్టుబడా, దండగా?

రేణిగుంట_రవ్వదోశ:
2025 మేలో మన తిరుపతి జిల్లా పారిశ్రామిక వాడ శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది, పెట్టుబడి 5,000 కోట్లు. సంతోషమే. కానీ ఇలాంటివి రావాలంటే భూమి, కరెంటు, పన్నులు అన్నిట్లో మనమే తగ్గాలి. ఫోన్లకైతే 2020లో కేంద్రం పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకమిచ్చే పథకం) తెచ్చింది, పెరిగిన అమ్మకాల మీద 4 నుంచి 6 శాతం దాకా ప్రోత్సాహకం. చిప్పు బయటిది, తెర బయటిది, మనం చేసేది ఎక్కువగా బిగింపే. అమ్మకాన్ని బట్టి డబ్బిస్తే ఇక్కడ నిజంగా తయారైంది ఎంతో ఎవరికి పట్టింది? 2023లో రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ రఘురామ్ రాజన్ లేవనెత్తిందీ ఇదే. ఆ సొమ్మేదో మామిడికో పాలకో పెడితే పోదా?

సత్యవేడు_సుమ:
బిగింపంటే అంత చులకనా అన్నా? ఫోన్ల లైన్లో పనిచేశాను, ఏ కంపెనీ అన్నది వదిలేయండి. చేతికి గ్రౌండింగ్ పట్టీ లేనిదే బోర్డు ముట్టుకోనివ్వరు. ఒంట్లోని స్టాటిక్ కరెంటు తగిలితే బోర్డు పోతుంది, పైకి మాత్రం గీత కూడా పడదు. టెస్టింగ్‌లో తెలుస్తుంది, అప్పుడు ఎవరి చేతిలో పోయిందని మొదలవుతుంది టెన్షన్. ఇంటర్ అయిన ఆడపిల్లకు మా ఊళ్లో పెళ్లో, వేరుశనగ చేలో కూలో. నాకు జీతం నా ఖాతాలో పడింది. కాకపోతే అంతా కాంట్రాక్టే, ఆర్డర్లు తగ్గితే మమ్మల్ని తీసుకెళ్లే బస్సు రాదు. రాయితీ ఇచ్చేవాళ్లు అడగాల్సింది అది.

బంగారుపాళ్యం_తోటకాడ:
మామిడికి పెట్టమంటున్నారు, 2025 సీజన్ అప్పుడే మర్చిపోయారా? చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకు కొదవా? పాత గుజ్జే అమ్ముడుపోలేదని కొత్త తోతాపురి (గుజ్జుకు వాడే మామిడి రకం) దించుకోలేదు. గేటు బయట ట్రాక్టర్ల వరస. అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారుతుంటే, టోకెన్ కోసం రాత్రంతా ట్రాక్టరు కిందే పడుకున్నాం. కిలోకు 12 రూపాయలన్నారు: ఫ్యాక్టరీ 8, రాష్ట్రం 4. తర్వాత కేంద్రం క్వింటాలుకు 1,490 చిల్లర ఖాయం చేసింది. ఈలోగా కర్ణాటక కాయను జిల్లాలోకి రానివ్వలేదని కర్ణాటక ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఒకే దేశం, ఒకే పంట! సరుకు మాదే, ఫ్యాక్టరీలు మా ఊళ్లోవే, కొనేవాడే బయటివాడు. మీ ఫోన్‌కు చిప్పు బయట, మా గుజ్జుకు బేరం బయట. తేడా ఏముంది బ్రదర్?

చంద్రగిరి_మాస్టారు:
అసలు జబ్బు ఇంకోటి. శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఎన్‌టీపీసీ, భెల్ కలిసి విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీ పెడతామన్నాయి. 2010లో మన్మోహన్ సింగ్ గారే వచ్చి శంకుస్థాపన చేశారు. అనుకున్న స్థాయిలో అది లేవనే లేదు. మన తిరుపతి పక్కన కరకంబాడిలో పెరిగిన బ్యాటరీల కంపెనీ అమరరాజా, 2022లో 9,500 కోట్ల బ్యాటరీ ప్రాజెక్టుకు తెలంగాణలోని మహబూబ్‌నగర్‌ను ఎంచుకుంది. రాయితీ ఎంతన్నది తర్వాతి మాట. ప్రభుత్వం మారితే ఒప్పందం నిలుస్తుందా? (మా తిరుపతిలో మాట తప్పకుండా వడ్డీ కట్టేది ఆ ఏడుకొండలవాడొక్కడే. ఆయన బాకీ కూడా ఇంకా తీరలేదు.)

రేణిగుంట_రవ్వదోశ:
మాస్టారూ, ఒప్పందం నిలవడం సరే, అందులో ఏం రాసుకున్నారన్నది ముఖ్యం కదా. 2025 మార్చిలో కేంద్రం ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల పథకం ఆమోదించింది. ఆ దారే పట్టాలి. బిగించేవాడికి తక్కువ, విడిభాగం ఇక్కడే చేసేవాడికి ఎక్కువ ఇవ్వాలి.

సత్యవేడు_సుమ:
అన్నా, బోర్డు మీద చిప్పులు అతికించేది మిషనే. ఆ లైన్ పక్కన నిలబడేది ఇద్దరో ముగ్గురో, వాళ్లూ డిప్లొమా చేసినవాళ్లు. చివర్లో బిగించే చోటే వందల మంది ఆడపిల్లలం ఉండేవాళ్లం. మీరు తక్కువ ఇస్తానంటున్నది ఆ లైన్‌కే. మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారో అది కూడా రాయండి.