‘దీర్ఘశాంతము’ అంటే సప్పుడు చేయకుండా కూసోవడమా?

గ్రూపులో అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర పల్లె. చర్చిలో సండే స్కూల్ పిల్లలకు బైబిల్లోని గలతీ 5:22 కంఠతా పట్టిస్తుంటే ఆరో తరగతి పాప లేచి అడిగింది: “టీచర్, దీర్ఘశాంతం అంటే శానాసేపు సప్పుడు చేయకుండా కూసోవడమా?” ‘ఓపిక’ అని చెప్పి పాఠం ముగించాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు. వారం రోజులుగా ఈ మాట వెంటే తిరుగుతున్నాను.

ఆ వచనంలో ఆత్మ ఫలంగా, అంటే దేవుని ఆత్మ మనిషిలో పండించేవిగా, తొమ్మిది గుణాలు చెప్పారు. ప్రేమ, సంతోషం, మంచితనం లాంటివి అంగడిలో కూడా వినిపిస్తాయి. దీర్ఘశాంతం మాత్రం చర్చి గడప దాటి బయట ఎవరి నోటా నేను వినలేదు. సమాసం విప్పి చూస్తే ‘చాలాకాలం నిలిచే శాంతం’ అనిపిస్తుంది. పాప తప్పేమీ లేదు, విన్న మాటకు సరైన అర్థమే తీసింది.

కొత్త నిబంధన రాసిన గ్రీకులో ఉన్నది ‘మక్రోతుమియా’. మక్రోస్ అంటే పొడుగు, తుమోస్ అంటే ఆవేశం, కోపం. అంటే కోపం రావడానికి చాలా దూరం నడవాలన్నమాట. దానికంటే నాకు బాగా నచ్చింది పాత నిబంధనలోని హీబ్రూ మాట. నిర్గమకాండం 34:6లో దేవుడు మోషే ఎదుట తన పేరు తానే చెప్పుకుంటాడు: “కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా.” అక్కడ దీర్ఘశాంతానికి ఉన్న మాట ‘ఎరెక్ అప్పయిమ్’. ‘ఎరెక్’ అంటే పొడుగు. ‘అప్పయిమ్’కు మూలమైన ‘అఫ్’ అంటే హీబ్రూలో ముక్కు, కోపం కూడా. ఉన్నదున్నట్టు చెప్తే ‘పొడుగు ముక్కు గలవాడు’! వేరే భాషల వాళ్లకు ఇది వివరించాలంటే కష్టమేమో గానీ, “వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది” అనే మనకు వివరణ ఎందుకు? ముక్కు మీద ఉన్న కోపం ఇట్టే బయటపడుతుంది. దీర్ఘశాంతం దానికి సరిగ్గా ఎదురు.

దేవుడు ఈ మాట ఎప్పుడు పలికాడో కూడా చూడండి. జనం బంగారు దూడను చేసుకుని మొక్కారు, మోషే దేవుని ఆజ్ఞలున్న రాతి పలకలు పగలగొట్టాడు. ఆ తర్వాత, మళ్లీ పలకలు చెక్కుకుని కొండెక్కినప్పుడు ఈ మాట. కోపానికి కారణం లేనప్పుడు చెప్పింది కాదు, నిండా ఉన్నప్పుడు చెప్పింది. కోపమే రాని మనిషిని నెమ్మదస్తుడు అనొచ్చు. దీర్ఘశాంతానికి మాత్రం న్యాయమైన కోపం ఒకటి పక్కనే ఉండాలి.

ఇంకో సంగతి. ‘దీర్ఘసూత్రుడు’ అంటే పనిని సాగదీసేవాడు, తిట్టే. ‘దీర్ఘశాంతుడు’ అంటే పొగడ్త. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ఇద్దరూ ఆలస్యం చేస్తున్నట్టే ఉంటారు. 2 పేతురు 3:9 ఈ తేడానే పట్టుకుంది. కొందరు అనుకుంటున్నట్టు ప్రభువు ఆలస్యం చేయడం లేదు, మీ యెడల దీర్ఘశాంతం చూపుతున్నాడు, ఎందుకంటే ఎవరూ నశించకూడదని ఆయన కోరిక.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది తెలుగు బైబిలే. అదే గ్రీకు మాట కుటుంబాన్ని యాకోబు 5:7లో ‘ఓపిక’ అన్నారు, తొలకరి, కడవరి వానల కోసం కాచుకునే వ్యవసాయకుడి గురించి. (వాళ్ల తొలకరి మన మృగశిరకు కాదు, చలికాలం ముందు వస్తుంది. అయినా పత్తి గింజ పెట్టి మబ్బుల వంక చూసేవాళ్లకు ఆ వచనం వేరే చెప్పక్కర్లేదు.) 1 కొరింథీ 13:4లో ‘దీర్ఘకాలము సహించును’. మత్తయి 18లో యేసు చెప్పిన కథలో అప్పులవాడు రాజు కాళ్ల మీద పడి అన్న మాట: “నాయెడల ఓర్చుకొనుము.” అదీ ఇదే క్రియ. పదివేల తలాంతులు, అంటే తీర్చలేనంత అప్పు, మాఫీ చేయించుకుని బయటికొచ్చి, నూరు దేనారాలు, అంటే దాని ముందు చాలా చిన్న మొత్తం, బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఆ తోటివాడూ అక్షరాలా అదే మాట అన్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద మా వాడకట్టులో ఒకాయన బోరు వేయించుకోవడానికి మా నాయిన దగ్గర 40,000 తీసుకున్నాడు. బోరు ఫెయిలైంది. గడువు దాటింది. నేను వాళ్లింటికి వెళ్లి, ఆయన బిడ్డ వాకిట్లో గిన్నెలు తోముతుండగానే గట్టిగా మాట్లాడాను. ఆ పిల్ల చేతిలో పీచు ఆగిపోయింది, తలెత్తలేదు. ఇంటికొస్తే అప్పుడింకా మాతోనే ఉన్న నాయనమ్మ నాయినతో అంది: “పత్తి అమ్మినంక ఇస్తనన్నడు గద. దేవుడు మనల్ని ఇన్నేండ్లు సైసిండు, మనం ఒక్క పంట సైసలేమా?” ఆమెకు చదువు రాదు. మత్తయి 18 మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది. మర్నాడు వెళ్లి ఆ పిల్ల ముందే వాళ్ల నాయినకు క్షమాపణ చెప్పాను. పత్తి అమ్మాక సగం ఇచ్చాడు, మిగతా సగం కోసం ఇప్పటికీ సైసుతున్నాం.

నిఘంటువుల్లో ‘సైచు’ ఉంది, సహించు, ఓర్చు అని. ‘సైరణ’ అంటే ఓర్పు. మా దిక్కు అదే ‘సైసు’ అయింది. దీర్ఘశాంతానికి తెలంగాణ మాట ఇదే అని నా నమ్మకం. మీరేమంటారు?

*దేవరకొండ నుంచి ఒక మిత్రుడు:* బాగుంది. కానీ అనువాదకులు ‘సైరణ’ ఎందుకు వాడలేదు? మన వాళ్లకు తెలిసిన మాటే కదా.

*నా జవాబు:* తెలుగు అనువాదం పనిని 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు చేపట్టారండీ. మన నల్గొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు, మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు, రష్యా నుంచి ఇండియాకు వచ్చింది 1889లో. అంటే నల్గొండకు బైబిల్ భాష తయారై వచ్చింది, గ్రాంథికంలో. మన నోటి మాటకు అందులో చోటు దొరకలేదు. చదివి వినిపించేటప్పుడు ఆ చోటు మనమే ఇవ్వాలి.

*మిర్యాలగూడ నుంచి ఒక అక్క:* తమ్మీ, ఒక్క భయం. ‘సైసు, సైసు’ అని కొట్టే మొగుని దగ్గర ఆడపిల్లకు చెప్తారు. దాన్ని దీర్ఘశాంతం అనకండి.

*నా జవాబు:* నిజం అక్కా. నేను రాయవలసింది, రాయలేదు. మత్తయి 18లో ఓర్చుకోమని అడిగింది అప్పుపడ్డవాడు, ఓర్చుకోవలసింది చేతిలో అధికారం ఉన్న రాజు. దేవుడి దీర్ఘశాంతం బలం ఉన్నవాడిది. దెబ్బలు తినేవాళ్ల నోరు మూయించడానికి ఈ మాట వాడితే వచనాన్ని తలకిందులు చేసినట్టే.

*కొల్లాపూర్ నుంచి ఒక మాస్టారు:* మా పాలమూరు దిక్కు ‘తాళు’ అని కూడా అంటాం. “జర తాళు బిడ్డా.”

*నా జవాబు:* మాస్టారూ, అది బైబిల్లోనే ఉంది! 1 కొరింథీ 13:7, “అన్నిటికి తాళుకొనును.” అక్కడి గ్రీకు మాట ‘స్టెగో’, ఇంటి కప్పుకు వాడే మాటకు చుట్టం. వాన నీళ్లు లోపలికి కారకుండా కప్పు ఆపుతుందే, అలా తాళుకోవడం. ఈ ఆదివారం ఆ పాపకు సైసుడు, తాళుడు రెండూ చెప్తాను.